మ్యాటక్ మాస్టారి 18.03

ఎం.ఐ.టి.లో చదువుకునేవాళ్ళకు సబ్జెక్టుల పేర్లకన్నా నంబర్లే వాడుక. 18 అంటే గణిత శాఖ. 18.01, 18.02 కాల్క్యులస్. ఆ తర్వాత వచ్చేది 18.03, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. మన పుస్తకాల్లో అవకలన సమీకరణాలు. ఇంజనీరింగులో దాదాపు ఏ బ్రాంచి పిల్లవాడికైనా ఏదో ఒక రూపంలో ఈ పాఠం తప్పదు. 2003 వసంతకాలపు సెమిస్టరులో ఈ కోర్సును ఆర్థర్ మ్యాటక్ అనే ప్రొఫెసరు చెబుతుంటే క్లాసులో కెమెరా పెట్టి మొత్తం రికార్డు చేశారు. ఒక్కొక్కటి సుమారు 50 నిమిషాల చొప్పున ముప్పయికి పైగా ఉపన్యాసాలు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. చేతిలో సుద్దముక్క, వెనక బోర్డులు. అంతకుమించి హంగేమీ లేదు.

ఆయన సొంత పని ఈ విషయంలో కాదు. 1930లో బ్రూక్లిన్‌లో పుట్టి, ప్రిన్స్‌టన్‌లో ఎమిల్ ఆర్టిన్ అంతటివాడి దగ్గర 1954లో పిహెచ్.డి. చేసిన మనిషి. బీజగణితం, జ్యామితి కలిసే చోట ఆయన పరిశోధన. జాన్ టేట్‌తో కలిసి 1958లో రాసిన పేపరును ఆ రంగంలోవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటివాడు స్ప్రింగులు, కరెంటు సర్క్యూట్లు, ఉప్పునీళ్ళ ట్యాంకుల లెక్కలు చెప్పే కోర్సును అంత శ్రద్ధగా కట్టాడు. 2021లో ఆయన పోయాడు. పాఠం మాత్రం యూట్యూబులో నడుస్తూనే ఉంది.

పాఠం బాగుందని అందరూ అంటారు. ఎందుకు బాగుందో చూడాలంటే దాన్ని కొంచెం విప్పి చూడాలి. నాకు కనపడ్డది ఇది: ఎక్కడా ఒక సూత్రం పైనుంచి ఊడిపడదు. ప్రతిదీ ఎక్కడినుంచి వచ్చిందో, ఏ అవసరానికి వచ్చిందో చూపించాకే వాడుకలోకి వస్తుంది. అతుకు కనపడకుండా పూత పూయడం ఆయన పద్ధతి కాదు. అతుకు ఉన్నచోట చెయ్యి పెట్టించి మరీ చూపిస్తాడు.

మన దగ్గర ఈ పాఠం ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో మొదలవుతుంది. ఆర్డర్ ఎంత, డిగ్రీ ఎంత అనే ప్రశ్నతో తలుపు తెరుచుకుంటుంది. తర్వాత వేరియబుల్స్ సెపరబుల్, హోమోజీనియస్, లీనియర్. సమీకరణాన్ని చూడగానే ఏ రకమో పట్టెయ్యాలి, ఆ రకానికి చెప్పిన పద్ధతి వేసెయ్యాలి, చివర ‘ప్లస్ సి’ మరిచిపోకూడదు. బి.టెక్ మొదటి ఏడాదిలో ఇదే జాబితా ఇంకాస్త పెరుగుతుంది. ఎంట్రన్స్ పరీక్షకు ఇది చాలు, నిజానికి బాగానే పనికొస్తుంది. అయితే ఇలా నేర్చినవాణ్ణి ‘ఈ సమీకరణం ఏం చెబుతోందిరా’ అని అడిగితే, చెప్పడానికి బదులు సాధించడం మొదలుపెడతాడు.

మ్యాటక్ మొదటి క్లాసులోనే ఆ అలవాటుకు అడ్డం పడతాడు. బోర్డు మీద మూడు సమీకరణాలు. వై′ = ఎక్స్ / వై. వై′ = ఎక్స్ − వై². వై′ = వై − ఎక్స్². మొదటిది ఎవరైనా చేస్తారు, చలరాశులు విడదీస్తే అయిపోతుంది. మూడోది లీనియర్, నాలుగు రోజులాగితే అదీ వస్తుంది. మధ్యలోది చూడటానికి ఆ రెంటికీ తోబుట్టువులాగే ఉంది, కానీ మనకు తెలిసిన ప్రమేయాలు ఎన్ని కలిపి రాసినా దాని సాధన రాయలేం. లేకపోవడం వేరు, రాయలేకపోవడం వేరు. సాధన ఉంది. దానికి సూత్రం లేదు, అంతే. మరి దాని గురించి ఏమీ తెలుసుకోలేమా? తెలుసుకోవచ్చు, బొమ్మ గీసి. ఇలా మొదటి పదిహేను నిమిషాల్లోపే ‘సాధించడం’ అనేది పని మొత్తం కాదనీ అందులో ఒక భాగమేననీ తేలిపోతుంది.

బొమ్మ గీయడం అంటే ఇదీ. వై′ అంటే వాలు. సమీకరణం ప్రతి బిందువు దగ్గరా ఒక వాలు చెబుతోంది. ఆ వాలుతో అక్కడ చిన్న గీత పెట్టు. కాగితమంతా అలాంటి గీతలు నిండితే అది డైరెక్షన్ ఫీల్డ్. ఆ గీతల్ని ఒరుసుకుంటూ సాగే వక్రమే సాధన. ఇక్కడ ఆయన ఒక తేడా చెబుతాడు. కంప్యూటరు అయితే సమదూరంలో బిందువులు తీసుకుని, ఒక్కో దాని దగ్గర వాలు లెక్కకట్టి గీత పెడుతుంది. మనిషి ఆ చాకిరీ చేయకూడదు. తిరగేసి అడగాలి: వాలు 0 అయ్యే బిందువులన్నీ ఎక్కడున్నాయి? వాలు 1 అయ్యేవి? ఆ బిందువులన్నీ కలిసి ఒక రేఖ అవుతాయి. ఆ రేఖ పొడవునా ఒకే వాలు గీతలు చకచకా పెట్టేయొచ్చు. బద్ధకాన్ని తెలివిగా మలచడం అంటే ఇదే.

ఆయన తీసుకున్న ఉదాహరణను దగ్గరగా చూద్దాం. వై′ = 1 + ఎక్స్ − వై. వాలు 0 కావాలంటే వై = ఎక్స్ + 1. వాలు 2 కావాలంటే వై = ఎక్స్ − 1. రెండూ సరళరేఖలు, రెండూ 45 డిగ్రీల్లో పైకి పోయేవి, ఒకటి పైన, ఒకటి కింద. ఇప్పుడు పై రేఖ మీది చిన్న గీతలు చూడండి. రేఖ పైకి ఎక్కుతోంది, గీతలు అడ్డంగా పడుకున్నాయి. అంటే దాన్ని తాకిన ఏ సాధన అయినా రేఖతో పాటు ఎక్కలేక కిందికి, అంటే రెండు రేఖల మధ్యకు, వచ్చి పడుతుంది. కింది రేఖ మీద గీతలు రేఖ కన్నా నిటారుగా ఉన్నాయి. అక్కడికొచ్చిన సాధన రేఖను దాటి పైకి, మళ్ళీ ఆ మధ్యకే, పోతుంది. ఎలకబోను లాంటి ఏర్పాటు: లోపలికి దారి ఉంది, బయటికి లేదు. ఆ రెంటి నడుమ వై = ఎక్స్ అనే రేఖ ఉంది. దాని మీద వాలు 1, ఆ రేఖ వాలూ 1. కాబట్టి అదే ఒక సాధన. లోపల చిక్కినవన్నీ దాన్ని అతుక్కుపోక తప్పదు.

ఇంతవరకూ ఒక్క సమాకలనం చేయలేదు. ఎక్స్ పెరిగేకొద్దీ సాధనలన్నీ వై = ఎక్స్‌కు చేరువవుతాయని మాత్రం తేలిపోయింది. తర్వాత ఎప్పుడో సూత్రంతో చేసి చూసుకుంటే, ఎక్స్‌కు ఒక స్థిరాంకం ఇంటూ ఇ పవర్ మైనస్ ఎక్స్ కలిస్తే వచ్చేదే సాధన అని తెలుస్తుంది. ఆ రెండో పదం కరిగిపోయేదే. కళ్ళు ముందే చెప్పిన సంగతిని సూత్రం వెనకనుంచి వచ్చి ఒప్పుకుంటుంది.

ఈ బొమ్మలోనే ఇంకో పెద్ద సంగతి దాచి ఉంచాడు. రెండు సాధనలు ఒకదాన్నొకటి దాటవు, ఎందుకంటే ఒక బిందువు దగ్గర రెండు వాలులు ఉండవు. అసలు తాకనైనా తాకవు, అదే ఏకైకత సిద్ధాంతం. దీన్ని పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే గంభీరంగా నిలబెడతాయి, పిల్లలు పేజీ తిప్పేస్తారు. మ్యాటక్ దాన్ని బోను చూపించాక చెబుతాడు. తాకకూడదన్న నియమం లేకపోతే బోనులో పడ్డ సాధన మధ్యరేఖ మీదికెక్కి, మళ్ళీ దిగి, ఎటైనా పోవచ్చుకదా! అప్పుడా సిద్ధాంతం అవసరం అర్థమవుతుంది. వెంటనే అది చెడిపోయే ఉదాహరణ కూడా ఇస్తాడు: ఎక్స్ ఇంటూ వై′ = వై − 1. దీని సాధనలన్నీ సరళరేఖలు, అన్నీ (0, 1) అనే ఒక్క బిందువులోంచే పోతాయి. నిలువు అక్షం మీద మరే బిందువులోంచీ ఒక్కటీ పోదు. ఒకచోట అనంతం, పక్కనే శూన్యం. కారణం వెతికితే, వై′ని ఒంటరిగా రాసినప్పుడు హారంలో ఎక్స్ చేరి, 0 దగ్గర దెబ్బ కొట్టింది.

రెండో క్లాసు ఆయిలర్ పద్ధతి. ఇది 1768లో ఆయిలర్ రాసిన సమాకలన గ్రంథంలోది. ఇప్పుడున్న బిందువు దగ్గర వాలు చూసుకుని, ఆ వాలు మీద చిన్న అడుగు వెయ్యి. కొత్త చోట మళ్ళీ వాలు చూడు, మళ్ళీ అడుగు. బోర్డు మీద ఆయన వేసిన పట్టిక నాకు ఇష్టం. వై′ = ఎక్స్² − వై², 0 దగ్గర వై 1, అడుగు 0.1. మొదటి వాలు −1, కాబట్టి వై 0.9కి దిగింది. అక్కడ వాలు 0.01 − 0.81, అంటే −0.80. వై 0.82కి వచ్చింది. ఇంతే లెక్క, ఏడో తరగతి పిల్లవాడు చేస్తాడు. అసలు పాఠం దాని తర్వాతది: ఈ 0.82 నిజం కన్నా ఎక్కువా, తక్కువా? నిజమైన విలువ తెలియకుండానే ఇది చెప్పగలవా? రెండో అవకలనం తీసి చూడు. మొదటి బిందువు దగ్గర అది 2, అంటే ధనం. వక్రం పైకి వంగుతోంది, మన అడుగు మాత్రం స్పర్శరేఖ మీద తిన్నగా పోయింది. కాబట్టి మన జవాబు తక్కువ. తప్పు ఎంతో తెలియకపోయినా ఎటువైపో తెలిసింది. ఇంజనీరుకు ఇది చాలాసార్లు సరిపోతుంది.

అక్కడినుంచి 1895లో రుంగె, 1901లో కుట్టా తెచ్చిన మెరుగుల్ని త్వరగా దాటతాడు. అడుగు సగం చేస్తే ఆయిలర్ పద్ధతిలో తప్పు సగమవుతుంది, నాలుగో ఆర్డర్ రుంగె-కుట్టాలో 16వ వంతుకు పడిపోతుంది. క్లాసు ముగియబోతుండగా ఒక గుంట చూపిస్తాడు. వై′ = వై². 0 దగ్గర వై 1 అయితే సాధన 1/(1 − ఎక్స్). ఎక్స్ 1కి చేరేసరికి అది అనంతానికి ఎగిరిపోతుంది. సమీకరణం మొహం చూస్తే ఎక్కడా 1 అన్న సంఖ్య లేదు, అనుమానించడానికి ఏమీ లేదు. ఆయిలర్ పద్ధతితో నడిచే కంప్యూటరు ఆ గోడను గుర్తించకుండా దాటిపోయి అవతల కూడా అంకెలు ఇస్తూనే ఉంటుంది. యంత్రం ఇచ్చిన జవాబును నమ్మేముందు ఒక క్షణం ఆగు అన్న హెచ్చరికను రెండో క్లాసులోనే, ఇంత చిన్న సమీకరణంతో చెప్పినవాళ్ళు నాకు వేరే తగల్లేదు.

లీనియర్ సమీకరణాల దగ్గరికి వచ్చాక భాష మారుతుంది. కుడివైపున ఉన్నదాన్ని ‘ఇన్‌పుట్’ అంటాడు, సాధనను ‘రెస్పాన్స్’ అంటాడు. బయట ఉష్ణోగ్రత ఇన్‌పుట్, లోపలి ఉష్ణోగ్రత రెస్పాన్స్. బయటి వేడి కొసైన్ లాగా పగలు ఎక్కి రాత్రి దిగుతుంటే, లోపలి వేడి కూడా అదే వేగంతో ఊగుతుంది, కానీ కాస్త చిన్నగా, కాస్త ఆలస్యంగా. ఎంత చిన్నగా, ఎంత ఆలస్యంగా అన్నది గోడ వేడిని ఎంత తొందరగా పంపిస్తుందన్న దానిమీద ఉంటుంది. మే నెలలో ఎండ పోయిన మూడు గంటలకు కూడా స్లాబు కింద పడుకోలేకపోవడం వెనక ఉన్నది ఈ ఆలస్యమే.

ఆ ఆలస్యాన్ని లెక్కకట్టడానికి సంకీర్ణ సంఖ్యలు తెస్తాడు. మన ఇంటర్‌లో ‘ఇ పవర్ మైనస్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్’ను సమాకలనం చేయాలంటే రెండుసార్లు బై పార్ట్స్ వేసి, మొదలుపెట్టిన సమాకలనమే మళ్ళీ ప్రత్యక్షమైతే దాన్ని ఎడమవైపుకు జరిపి, గట్టెక్కుతాం. మ్యాటక్ అదే లెక్కను ఆరో క్లాసులో ఒక్క అడుగులో చేస్తాడు. కాస్ అంటే ఒక సంకీర్ణ ఘాతంలో వాస్తవ భాగం. ఘాతాన్ని సమాకలనం చేయడం అంటే పైనున్న గుణకంతో భాగించడమే. భాగించి, వాస్తవ భాగం తీసుకుంటే సరి. ఈ చిట్కా ఇక్కడితో ఆగదు. ఈ ఒక్క పనిముట్టుతోనే మిగతా సగం కోర్సు నడుస్తుంది, అందుకే దాన్ని అంత ముందుగా చేతికిస్తాడు.

ఇప్పుడు నాకు ఈ కోర్సు మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన చోటు, 14వ ఉపన్యాసం. అనునాదం. స్ప్రింగుకు కట్టిన బరువుకు సొంత ఊపు ఒకటి ఉంటుంది, దాని వేగం ‘ఎ’ అనుకుందాం. బయటినుంచి ‘బి’ అనే వేగంతో దాన్ని కొసైన్ లాగా ఊపుతున్నాం. సూత్రం వేస్తే వచ్చే ప్రత్యేక సాధన: కాస్(బి టి) / (ఎ² − బి²). బి, ఎకి దగ్గరవుతుంటే హారం చిన్నదై ఊపు పెద్దదవుతుంది. ఇది అందరికీ తెలుసు. సరిగ్గా బి = ఎ అయితే హారం సున్నా. అప్పుడేమిటి? పాఠ్యపుస్తకం ‘అలాంటప్పుడు టితో గుణించండి’ అంటుంది. ఎందుకు టితో? వేస్తే సరిపోతుంది కనుక. ఇంతే సమాధానం. నేను చూసిన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇక్కడ ఇలాగే తప్పించుకుంటాయి.

మ్యాటక్ తప్పించుకోడు. ప్రకృతిలో ఎ, బి కచ్చితంగా సమానమయ్యే క్షణం ఒక అంచు. అంచుకు ఈవలనుంచి నడిచి వెళ్తే అక్కడ ఏం కనపడుతుందో చూద్దాం అంటాడు. కాస్(బి టి) / (ఎ² − బి²)కు అవధి లేదు, అది పేలిపోతుంది. కానీ ప్రత్యేక సాధన అంటే ఒక్కటే కాదుకదా! బయటి ఊపు లేనప్పటి సాధనల్లోంచి దేన్నైనా దానికి కలపొచ్చు, తీసేయొచ్చు. కాస్(ఎ టి) అలాంటిది. దాన్ని అదే హారంతో భాగించి ఇందులోంచి తీసేద్దాం. ఇప్పుడు మిగిలింది: కాస్(బి టి) − కాస్(ఎ టి), కింద ఎ² − బి². ఇది కూడా సాధనే, పైగా టి సున్నా దగ్గర నిశ్చలంగా మొదలయ్యే సాధన. బి, ఎకి చేరినప్పుడు లవం సున్నా, హారం సున్నా. లోపిటాల్ నియమం వెయ్యొచ్చు. ఇక్కడ పిల్లలు తడబడతారు: అవకలనం చేయవలసింది టితో కాదు, బితో. కదులుతున్నది బి, టి ఊరికే నిలబడి ఉంది. చేస్తే లవం మైనస్ టి సైన్(బి టి), హారం మైనస్ 2 బి. అవధి: టి సైన్(ఎ టి) / 2ఎ.

చూశారా, టి ఎక్కడినుంచి వచ్చిందో! ఎవరూ తెచ్చి గుణించలేదు, కాస్(బి టి)ని బితో అవకలనం చేస్తే లోపలినుంచి బయటికి రాలి పడింది. బొమ్మలో కూడా అదే కనపడుతుంది. బి, ఎకి దగ్గరగా ఉన్నప్పుడు ఊపు నెమ్మదిగా ఉబ్బి, నెమ్మదిగా తగ్గి, మళ్ళీ ఉబ్బుతుంది. రెండు తంబూరాల శృతి వెంట్రుకవాసి తేడాగా ఉన్నప్పుడు వినపడే విమ్మువిమ్మనే మోత ఇదే. బి ఇంకా దగ్గరయ్యేకొద్దీ ఆ ఉబ్బు పొడవవుతుంది. ఎకి సమానమైన క్షణాన ఉబ్బడమే ఉంటుంది, తగ్గడం అనంతానికి వాయిదా పడుతుంది. టితో పాటు పెరుగుతూ పోయే ఆ ఊపు ఎక్కడినుంచో వచ్చిన కొత్త వింత కాదు, ముందునుంచీ ఉన్న ఉబ్బులో మొదటి భాగమే.

ఫూరియే శ్రేణులకు వచ్చాక ఇదే అనునాదాన్ని మళ్ళీ వాడతాడు. స్ప్రింగు సొంత వేగం 3 అనుకుందాం. దాన్ని ఊపేది 2పై కాలానికోసారి తిరిగొచ్చే చతురస్ర తరంగం. పైకి చూస్తే అందులో 3 ఎక్కడా లేదు. ఫూరియే శ్రేణిగా విడదీస్తే 1, 3, 5... అన్నీ ఉన్నాయి. స్ప్రింగు తనదైన 3ని వెతికిపట్టి దానికే ఊగుతుంది.

ఇక లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ సంగతి. మన ఇంజనీరింగు కాలేజీల్లో ఇది తెలియనివాడు ఉండడు. సున్నానుంచి అనంతం దాకా, ఇ పవర్ మైనస్ ఎస్‌టి ఇంటూ ఎఫ్ ఆఫ్ టి డిటి. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ ఇ పవర్ మైనస్ ఎస్‌టి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగితే మాత్రం నిశ్శబ్దం. 19వ ఉపన్యాసంలో మ్యాటక్ సూత్రాన్ని వెంటనే రాయడు. ముందు ఘాతశ్రేణి రాస్తాడు: ప్రతి పూర్ణసంఖ్యకు ఒక గుణకం, దాన్ని ఎక్స్ పవర్ ఎన్‌తో గుణించి అన్నీ కూడితే ఒక ప్రమేయం. గుణకాలన్నీ 1 అయితే 1/(1 − ఎక్స్). గుణకాలు 1/ఎన్ ఫాక్టోరియల్ అయితే ఇ పవర్ ఎక్స్. అంటే గుణకాల వరస ఒకటి లోపలికి పోతే ప్రమేయం ఒకటి బయటికి వస్తోంది. మరి వరస 0, 1, 2 అని గెంతకుండా 0నుంచి అనంతం దాకా ఎడతెగకుండా సాగితే? ఎన్ బదులు టి. కూడిక బదులు సమాకలనం. ఎక్స్ పవర్ ఎన్ బదులు ఎక్స్ పవర్ టి. ఇక మిగిలింది అలంకారం. ఎక్స్ పవర్ టి అంటే ఇ పవర్ (టి ఇంటూ లాగ్ ఎక్స్). సమాకలనం నిలవాలంటే ఎక్స్ 0కీ 1కీ మధ్య ఉండాలి, అప్పుడు లాగ్ ఎక్స్ రుణం. ఆ రుణసంఖ్యను మైనస్ ఎస్ అని పిలిస్తే, అదిగో లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్.

ఈ అయిదు నిమిషాలూ చూసిన చాలామంది ఇంజనీర్లు ‘ఇది మాకెవ్వరూ ఎందుకు చెప్పలేదు’ అనుకునే ఉంటారు. ఈ బంధుత్వం తెలిస్తే తర్వాత వచ్చే కన్వల్యూషన్ కూడా భయపెట్టదు, రెండు ఘాతశ్రేణుల్ని గుణించినప్పుడు గుణకాలు కలిసే తీరే అది. దానికి ఆయన ఎంచుకున్న భౌతిక ఉదాహరణ రేడియోధార్మిక చెత్త. ఒక ఫ్యాక్టరీ రోజూ ఇంత చొప్పున పారబోస్తోంది. పారబోసిన క్షణంనుంచే అది క్షీణిస్తోంది. ఈ రోజు గుట్టలో ఎంత మిగిలింది? నిన్నటిది కాస్త తక్కువ, పోయినేడాదిది బాగా తక్కువ. అన్నీ వాటివాటి వయసును బట్టి తగ్గించి కూడితే అదే కన్వల్యూషన్.

ఇదే కోర్సును ఇదే ఎం.ఐ.టి.లో చెప్పిన జాన్-కార్లో రోటా అనే మహా గణితవేత్త, 1997లో ఒక ప్రసంగంలో ఈ సబ్జెక్టు బోధన మొత్తాన్నీ కడిగేశాడు. ఎగ్జాక్ట్ ఈక్వేషన్లు తీసేయండి, ఉనికి-ఏకైకత సిద్ధాంతాల జోలికి పోకండి, ట్యాంకులూ ఉప్పునీళ్ళ వర్ణన లెక్కలు మానేయండి, స్థిర గుణకాల లీనియర్ సమీకరణాలే అసలు సరుకు, లాప్లాస్ ఎందుకో చెప్పి మరీ చెప్పండి అన్నాడు. మ్యాటక్ కోర్సును ఆ ప్రసంగం పక్కన పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది. ఎగ్జాక్ట్ ఈక్వేషన్లు ఇందులో నిజంగానే లేవు. లాప్లాస్ ఎందుకో వివరించి ఉంది. అసలు సరుకుకే పెద్దపీట. కానీ ట్యాంకులు ఉన్నాయి, బ్యాంకు డిపాజిట్టు ఉంది, చల్లారుతున్న ఉడికిన గుడ్డులో పచ్చసొన ఒక ఉష్ణోగ్రత, తెల్లసొన ఇంకో ఉష్ణోగ్రత ఉన్నాయి. ఈ విషయంలో నేను మ్యాటక్ పక్షం. ఆయన ఆ లెక్కల్ని వాటి కోసం చేయడు. వేడి, ఉప్పు, కరెంటు, క్షయం అన్నీ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే సమీకరణం దగ్గర కలుస్తాయని చూపించడానికి చేస్తాడు. ఏకైకతనూ ఉంచాడు, బోను బొమ్మ కోసం. రోటా కోపం నిజానికి ఆ విషయాల మీద కాదేమో, వాటిని అర్థంలేకుండా చెప్పేవాళ్ళ మీదేమో.

లోపాలు లేవా? ఉన్నాయి. రాన్‌స్కియన్ దగ్గర, లీనియర్ సమీకరణాల సిద్ధాంతం దగ్గర ఆయన వేగం పెరుగుతుంది. ఆసక్తి తగ్గిందా అనిపిస్తుంది. మాత్రికల ఘాతం వచ్చేసరికి సెమిస్టరు అయిపోవస్తున్న తొందర కనపడుతుంది. కంప్యూటరు మీద చేసి చూపేవి తక్కువ. ఈ కాలపు విద్యార్థి అది ఇంకాస్త ఉంటే బాగుండేదనుకుంటాడు, నిజమే.

చివరి ఉపన్యాసం మాత్రం మళ్ళీ అసలైన మ్యాటక్. విషయం వోల్టెరా. ఏడ్రియాటిక్ సముద్రం పక్క రేవుల్లో చేపల మార్కెట్ లెక్కలు చూసిన ఉంబెర్టో డాంకోనా అనే జీవశాస్త్రవేత్తకు ఒక చిక్కు తగిలింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వేట తగ్గింది. చేపలకు మంచిరోజులు రావాలికదా! కానీ వలలో పడ్డవాటిలో సొరచేపల లాంటి వేటాడే రకాల వాటా పెరిగింది. ఆయన దీన్ని తనకు కాబోయే మామగారైన గణితవేత్త విటో వోల్టెరాను అడిగాడు. 1926లో వోల్టెరా జవాబు ప్రచురించాడు. అటు అమెరికాలో లోట్కా 1925లోనే అవే సమీకరణాలు విడిగా రాసి ఉన్నాడు.

జవాబులో అందం ఎక్కడుందంటే, సమీకరణాల్ని సాధించనక్కరలేదు. ఎర చేపల సంఖ్య ఎక్స్, సొరలది వై. ఎర తనంతట పెరిగే రేటు ఎ, సొరల నోట పడి తగ్గే రేటు బి అయితే, ఎక్స్ పెరిగే వేగాన్ని ఎక్స్‌తో భాగిస్తే: ఎ − బి వై. దీన్ని ఒక చక్రం మొత్తానికి సమాకలనం చేయండి. ఎడమవైపు లాగ్ ఎక్స్‌లో వచ్చిన మార్పు, చక్రం తిరిగి మొదటికొచ్చింది కనుక అది సున్నా. కాబట్టి వై సగటు ఎ/బి. అలాగే రెండో సమీకరణంనుంచి, సొరలు ఆకలికి చచ్చే రేటు సి, ఎర దొరికితే పెరిగే రేటు డి అయితే, ఎక్స్ సగటు సి/డి. ఇప్పుడు వేట మొదలైతే రెండు రకాలూ ఒకే రేటున తగ్గుతాయి: ఎ కాస్త తగ్గుతుంది, సి కాస్త పెరుగుతుంది. సొరల సగటు పడిపోతుంది, ఎర చేపల సగటు పెరుగుతుంది! వేట ఆగితే తిరగబడుతుంది. డాంకోనా చిక్కు వీడిపోయింది. చేపల స్థానంలో పురుగుల్ని పెట్టి చూడండి. శత్రుపురుగునూ దాన్ని తినే మిత్రపురుగునూ ఒకే మందు చంపితే, సగటున పెరిగేది శత్రుపురుగే. విచ్చలవిడిగా కొడితే పత్తిచేలో మిత్రపురుగులు పోతాయని మన వ్యవసాయాధికారులు చెప్పే మాటకు వెనక ఈ నాలుగు లైన్ల లెక్క ఉంది.

ఈ ఉపన్యాసాలన్నీ ఎం.ఐ.టి. ఓపెన్‌కోర్స్‌వేర్ సైటులోనూ యూట్యూబులోనూ ఉచితంగా ఉన్నాయి. సమస్యలు, పరీక్ష పేపర్లు కూడా సైటులో దొరుకుతాయి. మీ ఇంట్లో ఇంటరో ఇంజనీరింగో చదివే పిల్లలుంటే వాళ్ళకు చెప్పండి. ఆ వయసు దాటిపోయినవాళ్ళు కూడా చూడొచ్చు. మొత్తం చూసే తీరిక లేకపోతే 1, 14, 19, 33 చూడండి చాలు. కాకపోతే ఒక తెల్లకాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని, ఆయన గీసేముందు వీడియో ఆపి మీరే గీసి చూసుకోండి.